బెదరని కలం: షోయబుల్లాఖాన్

మనుష్యుని భయపెట్టడానికి ఏ భాషలోనూ మాటలకు కొదువ లేదు. తెలుగులో బెదిరించుట, జడిపించుట, గద్దించుట, హుంకరించుట, కళ్ళెర్రజేయుట అనేవి ఉన్నవి. దుర్జనుని స్వభావమే దౌర్జన్యమని సంస్కృతం చెప్పింది. మా కళాశాలలో తెలుగుతోపాటు ఉర్దూ కూడా వినబడుతుంది కనుక ఆ వైపునుండి వచ్చిన మాటలూ మాకు పరిచితములే. ధమ్కీ, జులుం, రుబాబు, జబర్దస్తీ అనేవి తెలంగాణలో అక్షరం రాని రైతు నోట కూడా పలుకుతాయి. రుబాబు అనేది భయమనే అర్థం గల అరబ్బీ మాటనుండి వచ్చింది. జబర్దస్తీలో రెండు పారసీక పదాలున్నవి. జబర్ అనగా పైన, దస్త్ అనగా చెయ్యి. ఎవని చెయ్యి పైన ఉంటే వానిదే జబర్దస్తీ. ఈ చెయ్యి సంగతిని పాఠకులు కొంచెం జ్ఞాపకముంచుకోవాలని మనవి.

ఇంగ్లీషులోనూ ఇటువంటి మాటలు చాలా ఉన్నవి, వాటి చరిత్ర విచిత్రమైనది. బుల్లీ అనే మాట 16వ శతాబ్దంలో ప్రియమైనవారిని పిలుచుకొనే మాటగా పుట్టింది. షేక్స్పియరు నాటకాలలో అది స్నేహితుని ముద్దుగా పిలిచే మాట. క్రమంగా అది బలహీనులను వేధించే పోకిరికి పేరయింది. థ్రెట్ అనే మాటకు ప్రాచీన ఆంగ్లంలో మూక, గుంపు అనే అర్థముండేది. గుంపు మీదికి వస్తే కలిగేది భయమే కనుక ఆ మాట బెదిరింపుగా స్థిరపడింది. బ్రౌబీట్ అంటే కనుబొమలతో కొట్టడం, అనగా చూపుతోనే ఎదుటివానిని కుంగదీయడం. నేడు మట్టి తవ్వే యంత్రానికి బుల్డోజరు అని పేరున్నదిగాని, ఆ మాట తొలుత యంత్రానికి పుట్టినది కాదు. 1876 అమెరికా ఎన్నికల కాలంలో లూసియానా రాష్ట్రమందు నల్లజాతి ఓటర్లను కొరడాలతో కొట్టి భయపెట్టిన పనికి ఆ పేరు వచ్చింది. థగ్ అనే మాటనైతే ఇంగ్లీషువారు మన దేశంనుండే తీసుకొనిపోయారు.

ఇన్ని మాటలను ఇక్కడ పేర్చడం పాండిత్య ప్రకటన కోసం కాదు. మంచి మాట చెడ్డ మాటగా మారినప్పుడు దాని వెనుక ఎవరో మనుష్యులు చేసిన పని ఒకటి ఉంటుంది. రజాకారు అనే మాటను చూడండి. రజా అనగా సమ్మతి, కార్ అనగా పని చేయువాడు. తన ఇష్టంతో సేవ చేయువాడు రజాకారు, మనం స్వచ్ఛంద సేవకుడు అంటామే, అదే అర్థం. అటువంటి చక్కని మాటను వింటేనే తెలంగాణ పల్లెలు తలుపులు బిగించుకొనే రోజులు 1947, 1948 సంవత్సరాలలో వచ్చినవి. ఆ మాటను అలా చేసినవారికి ఎదురు నిలిచి, ఉర్దూ భాషలోనే, ముస్లిముగానే, కలం పట్టి ప్రాణమిచ్చినవాడు మన ప్రాంతపు బిడ్డ ఒకడున్నాడు. ఆయనే షోయబుల్లాఖాన్.

డోర్నకల్ జంక్షనులో కాజీపేట వైపు పోయే రైలు ఎక్కితే గార్ల, గుండ్రాతిమడుగు దాటి మానుకోట వస్తుంది. పుస్తకాలలో దానిని మహబూబాబాదు అని వ్రాస్తారు. 2016లో ఆ పేరుతో జిల్లా ఏర్పడింది, మన డోర్నకల్ అందులోనిదే. మాలో ఎందరో ఆ దారిన నిత్యం ప్రయాణం చేస్తూ ఉంటాము. కాని ఆ ప్రాంతంలోనే, నాటి వరంగల్లు జిల్లా సుబ్రవేడు గ్రామంలో, 1920 అక్టోబరు 17వ తేదీన షోయబుల్లాఖాన్ జన్మించారని మాలో ఎందరికి తెలుసు? ఆయన పూర్వులు ఉత్తర హిందూస్థానంనుండి నిజాం రాజ్యానికి వలస వచ్చినవారు. తండ్రి హబీబుల్లాఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. బిడ్డ పుట్టిన దినముననే గాంధీ మహాత్ముడు రైలులో మానుకోట మీదుగా పోయారనీ, స్టేషనులో బందోబస్తుకు నిలిచిన ఆ తండ్రి మహాత్ముని దర్శించి ఇంటికి వచ్చి, కుమారుని ముఖంలో ఆ పోలికలు చూచి, షోయబుల్లా గాంధీ అని ముద్దుగా పిలుచుకొనేవాడనీ చెప్పుకొంటారు. పసివాని ముఖంలో ఎవరి పోలిక ఉన్నదో ఎవరు చెప్పగలరు? కాని సర్కారు పోలీసు ఒకడు తన కొడుకుకు అటువంటి ముద్దుపేరు పెట్టుకొన్నాడంటే ఆ ఇంటి గాలి ఎటువంటిదో మనము ఊహించుకోవచ్చును.

ఆ కాలపు మన ప్రాంతమును కూడా కొంచెం తలచుకోవాలి. వెట్టిచాకిరి, దేశ్‌ముఖుల గడీలు, జాగీరుదార్ల పన్నులు, వీటన్నిటికీ మూలాధారం ఒక్కటే, భయం. గడీ ముందు చెప్పులు విడిచి నడవవలెనన్న కట్టుబాటు ఏ చట్టంలోనూ లేదు, అయినా జనం పాటించారు. ఎదిరించినవారి గతి అందరికీ కనిపించేటట్లు చేయడమే అప్పటి పాలన. జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖుపై కోర్టుకెక్కి తన భూమి కోసం పోరాడిన షేక్ బందగీ 1940లో హత్యకు గురి అయినాడు. అదే తాలూకా కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగాడు. ఒకరు ముస్లిము, ఒకరు హిందువు, ఇద్దరూ పేదవారే. దౌర్జన్యం మతం అడిగి రాదన్నది ఈ నేలకు అనుభవంలో ఉన్న పాఠం.

షోయబుల్లా ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి పట్టభద్రులయినారు. 1918లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయంలో ఆనాడు బోధన ఉర్దూలో జరిగేది. దేశభాష ఒకదానిలో ఉన్నత విద్య గరపడం అప్పట్లో సాహసమైన ప్రయోగం. తండ్రి ప్రభుత్వోద్యోగి, కుమారుడు ఉర్దూ చదివిన ముస్లిం పట్టభద్రుడు. నాటి హైదరాబాదులో ఇంతకంటె ఏమి కావాలి? దరఖాస్తు పెట్టుకొంటే సర్కారు కొలువు దొరికేది, కొలువులో ఉంటే హోదా వచ్చేది, హోదా ఉంటే రుబాబు దానంతట అదే వచ్చేది. ఆ మార్గమును ఆయన కాదనుకొన్నారు. పత్రికా రచయిత కావాలని నిశ్చయించుకొన్నారు. జీతం స్వల్పమై, భద్రత శూన్యమైన వృత్తి అది.

తొలుత తేజ్ అనే ఉర్దూ పత్రికలో చేరి వ్రాయసాగారు. నిజాం పాలనలోని అన్యాయాలను, మతావేశం రేపే నాయకుల పోకడలను ఆయన విమర్శించారు. ప్రభుత్వం సహించలేదు, తేజ్ మూతపడింది. పిమ్మట మందుముల నరసింగరావు నడిపే రయ్యత్ పత్రికలో చేరారు. నరసింగరావు హిందువై ఉండి ఉర్దూ పత్రికకు సంపాదకులు. రయ్యత్ అనగా రైతు, ప్రజ అని అర్థం. ఉర్దూ ఒక మతంవారి సొత్తు, తెలుగు మరొక మతంవారి సొత్తు అని ఈనాడు అనుకొనేవారు ఈ ఒక్క సంగతిని గమనిస్తే చాలును. హిందూ సంపాదకుడు, ముస్లిం ఉపసంపాదకుడు ఒక బల్ల దగ్గర కూర్చుండి, ఉర్దూలో, తెలుగు రైతుల కష్టాలను గూర్చి వ్రాసుకొన్నారు. ఆ పత్రికపైనా నిషేధం పడింది.

రెండు పత్రికలు మూతపడినవి. సామాన్యుడైతే ఇక చాలుననుకొనేవాడు. షోయబుల్లా తన స్వంత పత్రికకు పూనుకొన్నారు. తల్లి, భార్య నగలు అమ్మి మూలధనం సమకూర్చారని చెబుతారు. బూర్గుల రామకృష్ణారావు వంటి పెద్దలు అండగా నిలిచారు. 1947 నవంబరులో ఇమ్రోజ్ దినపత్రిక వెలువడింది. ఇమ్రోజ్ అనగా ఈ దినము, నేడు. పేరులోనే ఆయన ఉద్దేశం ఉన్నది. ఏనాటి రాచరికపు వైభవమో తలచుకొని కూర్చోకుండా, రేపు ఏదో జరుగునని ఎదురు చూడకుండా, నేడు జరుగుతున్న దానిని నేడే చెప్పాలన్నది ఆ పేరు.

ఆ నేడు ఎటువంటిదో చెప్పనిదే ఆయన సాహసం అర్థం కాదు. దేశానికి 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చింది, హైదరాబాదుకు రాలేదు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ స్వతంత్రంగా ఉండదలచారు. నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక కుదిరింది. ఈలోగా మజ్లిస్ సంస్థకు 1946లో అధ్యక్షుడైన లాతూరు వకీలు కాసిం రజ్వీ చేతిలో రజాకారు దళాలు పెరిగిపోయినవి. ప్రభుత్వం వారిని ఆపలేదు, కొంతకాలానికి ప్రభుత్వమే వారి మాట జవదాటలేని స్థితికి వచ్చింది. పల్లెలపై దాడులు, గృహదహనాలు, దోపిడీలు, హత్యలు సాగినవి. ఎందరో సరిహద్దులు దాటి పొరుగు రాష్ట్రాలకు వెళ్ళిపోయారు.

ఈ స్థితిని ఇమ్రోజ్ దాచలేదు. పగటివేళ ఒక ప్రభుత్వం, రాత్రివేళ మరొక ప్రభుత్వం నడుస్తున్నదని షోయబుల్లా సంపాదకీయం వ్రాశారు. పగలు పాలించేది నిజాం సర్కారు, చీకటి పడగానే పాలించేది రజాకార్లు అని దాని సారాంశం. హైదరాబాదు భారతదేశంలో విలీనం కావాలనీ, ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం రావాలనీ, అందులోనే ముస్లిముల క్షేమం కూడా ఉన్నదనీ ఆయన వాదించారు. ఈ చివరి మాటే ప్రత్యర్థులకు మిక్కిలి నొప్పి కలిగించింది. పరాయివాడు విమర్శిస్తే శత్రువని కొట్టివేయవచ్చును. తమవాడే, తమ భాషలోనే, తమ మేలు కోరియే విమర్శిస్తే ఏమని జవాబు చెప్పాలి? వారికి తెలిసిన జవాబు ఒక్కటే. అటువంటివారిని గద్దారు అన్నారు, అనగా ద్రోహి అన్నారు.

బెదిరింపుకు ఒక పద్ధతి ఉన్నది. విద్యార్థులు దానిని గుర్తుపట్టడం అవసరం. మొదట పేరు పెడతారు, ఆ పేరుతో మనిషిని తన వారినుండి వేరు చేస్తారు. పిమ్మట హితవు రూపంలో హెచ్చరిక వస్తుంది. తరువాత పేరు లేని ఉత్తరం వస్తుంది. ఆపైన బహిరంగ సభలో, పేరు చెప్పకుండా, అందరికీ అర్థమయ్యేటట్లు ప్రకటన జరుగుతుంది. చివరిది పని. ఒక్కొక్క మెట్టు వద్దా మనిషికి వెనుకకు తిరిగే అవకాశం ఇస్తారు. బెదిరించేవానికి నిజంగా కావలసినది ఆ తిరుగుబాటే, అనగా వెనుకకు తిరిగిపోవడమే. ఒకడు తిరిగిపోతే చూచిన నూరుమంది నోరు మూసుకొంటారు. షోయబుల్లాకు ఈ మెట్లన్నీ ఎదురయినవి. బెదిరింపు లేఖలు వచ్చినవి. ఆయన పత్రిక ఆగలేదు.

1948 ఆగస్టు నెలలో ఏడుగురు ముస్లిం ప్రముఖులు కలిసి ఒక ప్రకటన సిద్ధం చేశారు. రజాకార్ల ఆగడాలను మాన్పించి, దళాలను రద్దుచేసి, భారతదేశంతో కలియడమే శ్రేయస్కరమని వారు నిజామును కోరారు. వారిలో బాఖర్ అలీ మీర్జా ఉన్నారు, రజాకార్ల దుండగాలకు నిరసనగా తహసీల్దారు పదవిని వదులుకొన్న ఫరీద్ మీర్జా ఉన్నారు. నోరు విప్పితే ప్రాణమే పోవచ్చుననే రోజులలో ఏడు సంతకాలంటే సామాన్యం కాదు. ఆ ప్రకటనను ఇమ్రోజ్ అచ్చువేసింది. ఆగస్టు 19న నగరంలోని జమురుద్ మహల్ టాకీసులో జరిగిన సభలో కాసిం రజ్వీ ప్రసంగిస్తూ, తమకు వ్యతిరేకంగా లేచే చేతులను నరికివేయాలని పిలుపునిచ్చాడు. ఏ చేతులో సభలోనివారికి తెలుసు, సభ వెలుపల ఇమ్రోజ్ కార్యాలయంలోనివారికీ తెలుసు.

ఆ తరువాత రెండు దినాలకు, ఆగస్టు 21వ తేదీన, షోయబుల్లా యథాప్రకారం కార్యాలయానికి వెళ్ళారు. మరునాటి పత్రిక పని ముగిసేసరికి నడిరేయి అయింది. బావమరిది ఇస్మాయిల్‌ఖాన్‌తో కలిసి కాచిగూడా ప్రాంతంలో కాలినడకన ఇంటికి బయలుదేరారు. చప్పల్ బజారు దగ్గర కాచుకొని ఉన్నవారు వెనుకనుండి వచ్చి తుపాకి పేల్చారు. షోయబుల్లా పడిపోయిన తరువాత కలం పట్టిన చేతిని కత్తితో నరికారు. అడ్డుకోబోయిన ఇస్మాయిల్‌ఖాన్ చేయి కూడా తెగిపోయింది. ఆగస్టు 22 తెల్లవారకముందే షోయబుల్లాఖాన్ కన్నుమూశారు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. ఇంటిలో వృద్ధులైన తల్లిదండ్రులు, నిండు చూలాలైన భార్య ఉన్నారు. గోషామహల్ మాలకుంట శ్మశానంలో ఆయనను ఖననం చేశారు. ఆనాడు నగరాన్ని కమ్ముకొన్న భయమెంతటిదంటే, కన్నీరు కార్చడానికి కూడా జనం నాలుగు దిక్కులు చూడవలసి వచ్చింది.

జబర్దస్తీ అంటే పైన ఉన్న చెయ్యి అని మొదట చెప్పుకొన్నాము. ఆ రాత్రి పైన ఉన్న చెయ్యి క్రింద ఉన్న చేతిని నరికింది. కాని లెక్క అక్కడితో తీరలేదు. నాలుగు వారాలు గడవకముందే, సెప్టెంబరు 13న భారత సైన్యాలు హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించినవి, 17న నిజాం లొంగిపోయారు. రజాకారు దళాలు నామరూపాలు లేకుండా పోయినవి. కాసిం రజ్వీ అరెస్టయి, బీబీనగర్ దోపిడీ కేసులో శిక్ష అనుభవించి, 1957లో విడుదలై పాకిస్తానుకు వెళ్ళిపోయి, 1970లో అక్కడే మరణించాడు. ఒకనాడు ఎవని పేరు చెబితే సంస్థానమంతా వణికిందో అతనికి ఆ నేలపై నిలువ నీడ లేకపోయింది.

ఇంతటితో ఆపితే కథ సుఖాంతమైనట్లు తోచును. నిజం చెప్పవలసిన కర్తవ్యం ఉన్నది కనుక మరొక సంగతి కూడా చెప్పాలి. సైనిక చర్య జరిగిన దినాలలోనూ, ఆ వెంటనేనూ, సంస్థానంలోని పలు జిల్లాలలో నిరపరాధులైన ముస్లిములపై ప్రతీకారం సాగింది. ప్రభుత్వం పంపగా వచ్చి విచారించిన పండిత సుందర్‌లాల్ సంఘం, మిక్కిలి తగ్గించి చెప్పినా మృతులు 27,000 నుండి 40,000 వరకు ఉండవచ్చునని అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. అనగా బెదిరింపు చేతులు మారిందే తప్ప చావలేదు. రజాకార్లకు ఎన్నడూ సలాము చేయనివారు, వారి చేతిలోనే నష్టపోయినవారు కూడా రజాకార్ల పాపానికి మూల్యం చెల్లించారు. ద్వేషం అందరినీ దహిస్తుందనీ, ముస్లిముల క్షేమం కూడా శాంతిలోనే ఉన్నదనీ షోయబుల్లా హెచ్చరించింది ఇందుకే. ఆయన మాటను విని ఉంటే ఎన్ని ఇండ్లు నిలిచేవో!

ఈనాటికీ ఆ కాలపు ప్రస్తావన వచ్చినప్పుడు కొందరు మా ముస్లిం సోదర విద్యార్థులవైపు చూచి నవ్వుతూనో, నవ్వకనో, రజాకారు అనే మాట విసరడం ఉన్నది. మాట విసిరినవానికి అది పరిహాసం, తగిలినవానికి అది గాయం. అటువంటి సందర్భంలో చెప్పవలసిన జవాబు ఒక పేరు మాత్రమే, షోయబుల్లాఖాన్ అనే పేరు. రజాకార్లు ముస్లిములని చెప్పేవారు, రజాకార్లకు ఎదురు నిలిచి చేతిని, ప్రాణాన్ని ఇచ్చినవాడు కూడా ముస్లిమే అని చెప్పకపోతే అది సగం చరిత్ర. సగం చరిత్ర కూడా ఒక విధమైన బెదిరింపే.

విద్యార్థి మిత్రులకు ఇంకొక మనవి. బెదిరింపు అంటే తుపాకులు, కత్తులు మాత్రమే కావు. క్రొత్తగా చేరిన విద్యార్థిని వసతిగృహంలో నిలబెట్టి హేళన చేయడం, పల్లెనుండి వచ్చినవాని భాషను, బట్టలను వెక్కిరించడం, ఆడపిల్లలు నడిచే దారిలో గుంపుగా నిలువడం, ఇవన్నీ ఆ చెట్టు కొమ్మలే. థ్రెట్ అంటే మొదట గుంపు అని అర్థమని చెప్పుకొన్నాము. ఒంటరిగా ఉన్నప్పుడు మంచివాడైన కుర్రవాడు గుంపులో చేరగానే ఎందుకు మారిపోతాడో ఆ ముసలి మాటకు తెలుసు. ఈ రుగ్మతను ఆపడానికి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1997లో ర్యాగింగు నిషేధ చట్టం చేసింది. మనిషిని భయపెట్టడం 1860 నాటి శిక్షాస్మృతిలో నేరమే, 2024 జులై నుండి అమలులోకి వచ్చిన న్యాయసంహితలోనూ నేరమే. చట్టం ఉండడం మంచిదే. అయితే చట్టం వచ్చేది ఫిర్యాదు తరువాత, ఫిర్యాదు వచ్చేది ధైర్యం తరువాత. ఆ ధైర్యం వేధింపబడినవానికి ఒక్కనికే ఉండాలని కోరడం న్యాయం కాదు. ప్రక్కన నిలిచి చూచేవారికి ఉండాలి. ఆ రాత్రి చప్పల్ బజారులో ఇస్మాయిల్‌ఖాన్ ప్రక్కకు తప్పుకోలేదని మరచిపోరాదు.

కళాశాల కార్యవర్గమువారికి కూడా మేము వినయంతో ఒక విన్నపం చేసుకొంటున్నాము. ఆగస్టు 22వ తేదీన ప్రతి సంవత్సరం మన కళాశాలలో షోయబుల్లాఖాన్ పేరిట తెలుగు, ఉర్దూ భాషలలో వ్యాసరచన పోటీ జరిపిస్తే బాగుంటుంది. తెలుగు విద్యార్థి ఉర్దూలో ఒక పేరా అయినా, ఉర్దూ విద్యార్థి తెలుగులో ఒక పేరా అయినా వ్రాయాలని నియమం పెట్టవచ్చును. దీనికి పెద్ద ఖర్చు లేదు. మానుకోట నేలపై పుట్టి రెండు భాషల జనం కోసం వ్రాసినవానికి ఈ జంక్షను ఊరిలో అంతకంటె తగిన జ్ఞాపకం మాకు తోచలేదు.

ఆయన పత్రిక బ్రతికినది ఏడాది కూడా కాదు. ఆయన బ్రతికినది ఇరవై ఎనిమిదేళ్ళు కూడా కాదు. అయినా ఇమ్రోజ్ అనే పేరుకు అర్థం ఈ దినము అని తలచుకొన్నప్పుడు, ఆ పత్రిక ఇంకా ముగిసిపోలేదనిపిస్తుంది. మన తరగతిలో, మన వీధిలో, మన రైలు పెట్టెలో ఒకడు మరొకనిపై చెయ్యెత్తినప్పుడు, చూచినవారు నోరు విప్పవలసినది నిన్న కాదు, రేపు కాదు. ఈ దినమే.